ఎల్లెల్లార్ జేబులో ఉంది, కారు వెనక్కి జారుతోంది

నమస్తే అండి. నిన్న సాయంత్రం మన విశాఖలో పందిమెట్ట అప్పులో ఇరుక్కున్నాను. అప్పంటే బాకీ కాదండోయ్, ఎత్తు రోడ్డు! నా స్కూటర్ ముందు ఓ కారు, వెనకద్దం మీద ఎర్ర టేపుతో అతికించిన ఎల్ అక్షరం. బ్రేకు లైటు ఆరింది. కారు ముందుకెళ్ళాలి కదా, వెనక్కొస్తోంది! హారన్ మీద హారన్ కొట్టాను. నా ముందు చక్రానికి జానెడు దూరంలో ఆగింది. దిగెళ్ళి చూస్తే లోపల కుర్రాడొక్కడే. పక్క సీటు ఖాళీ.

“తమ్ముడూ, లైసెన్సుందా?” అంటే, “ఎల్లెల్లార్ ఉందన్నా” అన్నాడు, అదేదో పట్టా అన్నట్టు.

ఎల్లెల్లార్ అంటే నేర్చుకోడానికిచ్చిన అనుమతి, అంతే. లైసెన్సున్న మనిషి పక్కనుండాలి, అవసరమైతే బండి ఆపగలిగేలా కూర్చోవాలి. మోటార్ సైకిలైతే వెనక నేర్పేవాళ్ళే ఎక్కాలి, ఫ్రెండుని ఎక్కించుకుని బీచ్ రోడ్డు తిరగడం కుదరదు. ఎల్ బోర్డు కూడా టేపు ముక్కలతో కానిచ్చేది కాదు. తెల్ల అట్ట మీద ఎర్ర అక్షరం, ముందొకటి, వెనకొకటి. అట్ట 18 సెంటీమీటర్ల చదరం ఉండాలని రూల్లోనే రాసుంది.

మిగతాది మీకు తెలిసిందే. ఎల్లెల్లార్ ఆరు నెలలుంటుంది. 30 రోజులయ్యాక, గడువు తీరేలోగా డ్రైవింగ్ టెస్టుకెళ్ళాలి. సెంట్రల్ రూల్స్ లెక్కన ఒక్కో రకం బండికి ఎల్లెల్లార్ 150, దాని పరీక్షకి 50, డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్సుకి 200. పైన సర్వీస్ చార్జీలు వేరే. ఏజెంటుకి ఎంతిచ్చారో నేనడగను, మీరూ చెప్పకండి.

నా గొడవల్లా ఆ 30 రోజుల గురించే. మనవాళ్ళు ఆ నెలంతా క్యాలెండర్ చూస్తారు గానీ స్టీరింగ్ ముట్టుకోరు. ముట్టుకున్నా, ఆదివారం పొద్దున్న ఖాళీ గ్రౌండులో రెండు రౌండ్లు. మనూళ్ళో వాల్తేరు అప్‌లాండ్స్ ఉంది, దసపల్లా హిల్స్ ఉంది, సింహాచలం ఘాట్ ఉంది. చదును గ్రౌండులో నేర్చుకుని ఇక్కడ ఎలా నడుపుతారండీ? ఎత్తులో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం టెస్టులో చూడాల్సిన అంశమని రూల్సే చెబుతున్నాయి. ఫెయిలైతే ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు పోతే 60 రోజులు.

నాకు నేర్పిన మాస్టారు ఒకటే పట్టు పట్టించారు. హ్యాండ్ బ్రేకు లాగు. ఫస్ట్ గేరు. కొంచెం రేజ్ ఇచ్చి, క్లచ్ నెమ్మదిగా వదులు. ఒకచోట ఇంజను గొంతు బరువెక్కుతుంది, బానెట్ ఇంచు పైకి లేస్తుంది. అదే హాఫ్ క్లచ్. పాదం అక్కడే ఉంచి, అప్పుడు హ్యాండ్ బ్రేకు దింపు. నేను తొందరపడి వదిలేస్తే, “ఏటి బాబూ, అది క్లచ్చా, సైకిల్ పెడలా?” అనేవారు. 

ఇదే ఆ కుర్రాడికీ చెప్పాను, కిటికీ దగ్గర నిలబడి. మొదటిసారి ఆఫైపోయింది. వెనక ఆటోవాళ్ళు తిట్లు లంకించుకున్నారు. రెండోసారి బానెట్ లేచింది. “ఇప్పుడు దింపు” అన్నాను. కారు ఒక్క అంగుళం జారకుండా ఎక్కింది.

పైకెళ్ళాక ఇండికేటర్ వేసి పక్కకాపాడు. నేను దాటుతుంటే ఫోన్లో అంటున్నాడు: “బావా, పందిమెట్ట దగ్గరున్నాను. ఆటో ఎక్కి రా, పక్కన కూర్చుందువు గానీ.”