వరదని షోకేసులో పెట్టడం ఎలా?

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? సరే.

నిజాం నగలతో మొదలుపెడతాను. మ్యూజియంలో పని చేస్తానని చెప్పగానే హైదరాబాద్‌లో ఎవరైనా ముందు అడిగేది వాటి గురించే కాబట్టి. మొత్తం 173, 1995లో కేంద్ర ప్రభుత్వం సుమారు 218 కోట్లకి కొన్నది. మామూలుగా రిజర్వ్ బ్యాంకు వాల్టులో ఉంటాయి. 2001లో ఒకసారి, 2006లో ఇంకోసారి సాలార్‌జంగ్ మ్యూజియంలో జనానికి చూపించారు. అందులో జాకబ్ వజ్రం ఒక్కటే 184 క్యారెట్ల పైచిలుకు, దాన్ని ఏడో నిజాం పేపర్‌వెయిట్‌గా వాడాడన్న కథ మన ఊళ్లో తెలియనివాళ్లు లేరు. నన్నడిగితే అలాంటి ప్రదర్శనకి పోలీసులు కావాలి, గట్టి అద్దం కావాలి, క్యూ లైను కావాలి. క్యూరేటర్, అంటే ఏ వస్తువుని ఎలా చూపించాలో తేల్చే నాలాంటి మనిషి, లేకపోయినా నడిచిపోతుంది (తోటి క్యూరేటర్లు ఎవరైనా ఉంటే ఈ మాట వినలేదనుకోండి). మా పనితనం తేలేది, ఎవరూ ఆగి చూడని వస్తువు ముందు మనిషిని నిలబెట్టాల్సి వచ్చినప్పుడు.

శాశ్వత గ్యాలరీలో వస్తువుకి సొంత చోటు ఉంటుంది. ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది, ఈసారి చూడకపోతే మళ్లీసారి చూస్తారు. ప్రత్యేక ప్రదర్శన అలా కాదు. మూడు నెలలో నాలుగు నెలలో గడువు, దానికి ఒక ప్రశ్న. స్టోర్‌లోంచి ఏ వస్తువు బయటికొచ్చినా ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే రావాలి, లేదంటే ఎంత అందమైనదైనా లోపలే కూర్చోవాలి. "అంత మంచి బిద్రీ హుక్కా ఉంది కదమ్మా, పెట్టొచ్చుగా" అని పెద్దవాళ్లు అడుగుతూనే ఉంటారు. పెట్టొచ్చు సార్, కానీ దానికీ మూసీ వరదకీ ఏం సంబంధం?

అవును, వరద. 1908 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో మూసీ నదికి వచ్చినది. ఎక్కువమంది చెప్పే లెక్క ప్రకారం 15 వేల మంది దాకా పోయారు. దీని మీద ప్రదర్శన పెట్టాలనుకోండి. ప్రదర్శనకి వస్తువులు కావాలి, వరద చేసే పనేమో వస్తువుల్ని లేకుండా చెయ్యడం. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది, దాన్ని ఎక్కి 150 మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారని చెప్తారు. దాన్ని హాల్లోకి తేలేం. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతురినీ ఆ నీళ్లలో పోగొట్టుకుని తనొక్కడు బయటపడ్డాడు, తర్వాత దాని మీద కవిత రాశాడు. ఆ కవితని గోడ నిండా పెద్దక్షరాల్లో వేస్తే బాగానే ఉంటుంది, కానీ అది పోస్టర్ అవుతుంది.

అందుకని నేనైతే పోయినవాటిని వదిలేసి, వరద తర్వాత పుట్టిన కాగితాల వైపు వెళ్తాను. ఇంజనీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యని 1909లో పిలిపించారు. ఆయన సలహా మీదే ఉస్మాన్‌సాగర్ (అదే మన గండిపేట చెరువు), హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి, మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. అంటే మన గండిపేట నీళ్లు ఆ వరదలోంచి వచ్చినవే. ఇదిగో, ప్రశ్న దొరికింది: మన నీళ్లు ఎక్కడినుంచి వచ్చాయి? మరి జనాన్ని దేనితో ఆపాలి? పటంతో. వరద తర్వాత కొన్నేళ్లకి లియొనార్డ్ మన్ అనే అధికారి చేయించిన మున్సిపల్ సర్వే పటాలున్నాయి, గల్లీ గల్లీ గీసినవి. పాత నగరం పటం ముందు నిలబడిన ఏ హైదరాబాదీ అయినా ముందు తన ఇల్లు ఎక్కడుందో వెతుక్కుంటాడు, లేకపోతే వాళ్ల అమ్మమ్మ వాళ్ల గల్లీ వెతుకుతాడు, దొరికిందా, వెంటనే నది ఎంత దూరంలో ఉందో చూస్తాడు. అక్కడ మనం ఒక్క ముక్క చెప్పక్కర్లేదు.

పక్కనే ఒక హాలీ రూపాయి పెడతాను. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, చార్మినార్ బొమ్మతో, ఏడు హాలీ రూపాయలు ఇస్తే సుమారు ఆరు బ్రిటిష్ రూపాయలు వచ్చేవి. నాణేల గ్యాలరీలో అలాంటివి వరసగా పేర్చి ఉంటే జనం నడుచుకుంటూ పోతారు. అదే రూపాయిని ఆనకట్ట లెక్కల కాగితం పక్కన ఒంటరిగా పెట్టి చూడండి. కాలేజీ పిల్లలు కూడా వంగి చూస్తారు, "అంటే మనకి వేరే రూపాయా?" అని.

ఇక పటాన్ని బయటికి తియ్యడం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. నాలుగు మడతలు పెట్టిన పెద్ద కాగితం, వెనక గుడ్డ అతికించి ఉంటుంది. మడతల దగ్గర కాగితం అరిగి దారాలు కనబడుతుంటాయి. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ములు చిరిగిన చోట సెల్లో టేప్ వేసి ఉంటారు. ప్లాస్టిక్ ఎండి ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి దిగి గోధుమరంగు చార అయిపోతుంది, అది కూడా సరిగ్గా వీధి పేరు మీద. స్టోర్‌లో పెన్ను పట్టుకెళ్లనివ్వం, పెన్సిల్ మాత్రమే. చిరుగు ఎక్కడ, చిల్లు ఎక్కడ, మరక ఎంత మేర, అన్నీ రాసి ఫొటోలు తీసి కండిషన్ రిపోర్ట్ తయారు చేస్తాం. తిరిగి లోపల పెట్టేటప్పుడు ఇదే రిపోర్ట్ ముందు పెట్టుకుని మళ్లీ చూస్తాం. వేరే సంస్థ నుంచి అరువు తెచ్చినదైతే ఇదంతా రెండు పక్షాల వాళ్లూ కలిసి చేస్తారు, ఇన్సూరెన్స్ కూడా దాని గోడ మీంచి దింపిన క్షణం నుంచి మళ్లీ అక్కడికే చేరేదాకా ఉండాలి. 2023లో మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి శిల్పాలు న్యూయార్క్ మెట్ మ్యూజియందాకా వెళ్లొచ్చాయి, బౌద్ధ కళ ప్రదర్శనకి. ఆ రాళ్ల వెనక ఎన్ని కాగితాలు నడిచి ఉంటాయో మా వాళ్లకి తెలుస్తుంది. (ఫణిగిరి మన ఊరికి ఇంత దగ్గర కదా, ఈ హాల్లో ఎంతమంది వెళ్లొచ్చారు? చేతులెత్తక్కర్లేదులెండి.)

అన్నిటికంటే ఎక్కువ తిట్లు తినేది లైట్ల విషయంలో. "మేడమ్, ఓల్టేజీ తక్కువుందా?" అంటారు. కాగితానికీ బట్టకీ 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దాటకూడదన్నది మా లెక్క. వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుంది, చీకట్లో పెట్టి విశ్రాంతి ఇస్తే ఇక పెరగదు గానీ వెలిసిన రంగు వెనక్కి రాదు. ఒక సిల్కు షేర్వానీకి అది తట్టుకునే వెలుతురు కొంతే ఉంది, అది మీకే మొత్తం చూపించేస్తే మీ మనవలకి ఏం మిగులుతుంది? బయటి ఎండలోంచి వచ్చిన కంటికి మరీ చీకటిగా అనిపించకుండా హాలు మొదట్లోంచే మెల్లగా వెలుతురు తగ్గించుకుంటూ వస్తాం. అయినా ఫోన్ టార్చ్ వేసేవాళ్లు వేస్తూనే ఉంటారు, నేను వెళ్లి ఆపుతూనే ఉంటాను. తేమ గొడవ వేరే. మే నెలలో గాలి ఎండిపోయి చెక్క పగుళ్లిస్తుంది, ఆగస్టులో కాగితానికి బూజు పడుతుంది, ఏసీ రాత్రి పూట కూడా ఎందుకు ఆన్‌లో ఉండాలో అకౌంట్స్ వాళ్లకి ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పాలి.

లేబుళ్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, మూడూ కావాలి. ఉర్దూ కుడి నుంచి మొదలవుతుంది కాబట్టి బోర్డు అమరిక మారిపోతుంది. మనిషి నిలబడి చదువుతాడు, కాళ్లు లాగుతుంటాయి, ప్రొఫెసర్లు రాసిచ్చిన పేజీన్నరని నాలుగు వాక్యాలకి కోస్తాను. వాళ్లకి కోపం వస్తుంది, రానివ్వండి.

మీతో ఒక పనుంది. బేగంబజార్‌లోనో కాచిగూడలోనో మీ పాత ఇళ్ల అటకల మీద ఏవైనా కాగితాలుంటే, రసీదైనా ఉత్తరమైనా, టేప్ వెయ్యకండి, లామినేషన్ అసలే చేయించకండి. వస్తువు ఒక్కటే ఇచ్చి వెళ్లిపోకుండా అది ఎవరిదో, ఇంట్లోకి ఎలా వచ్చిందో కూడా ఒక కాగితం మీద రాసివ్వండి. తాతగారి పేరు, ఉన్న గల్లీ, గుర్తున్నంత చాలు. అది లేకపోతే ఎంత పాతదైనా నేను ఏ ప్రశ్న పక్కన పెట్టాలో తెలియక స్టోర్‌లో ఉండిపోతుంది.

ఇక అడగండి. ఈజిప్టు మమ్మీ గురించి మాత్రం వద్దు, అది పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉంది, మా దగ్గర కాదు.