గేమ్‌ని లినక్స్‌కి పోర్ట్ చేస్తే గిట్టుబాటవుతుందా?

అందరికీ నమస్కారం.

విండోస్ కోసం చేసిన గేమ్‌ని లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌కి పోర్ట్ చేస్తే, అంటే అందులో నడిచేలా మారిస్తే, డబ్బులు మిగులుతాయా? నన్నడిగితే, గేమ్ అంతా పూర్తయ్యాక తీరిగ్గా మొదలుపెట్టే పోర్ట్ చిన్న స్టూడియోకి చాలావరకు గిట్టుబాటు కాదు.

1998లో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్కాట్ డ్రేకర్ లోకీ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీ పెట్టారు. ఇతరుల గేమ్‌లకు హక్కులు తీసుకుని, లినక్స్‌కి మార్చి అమ్మడమే దాని పని. సివిలైజేషన్: కాల్ టు పవర్, క్వేక్ 3 అరీనా, సిమ్‌సిటీ 3000 లాంటి పెద్ద పేర్లే తెచ్చారు. పనితనానికీ వంక పెట్టలేం. అయినా 2001 ఆగస్టులో దివాలా పిటిషన్ వేశారు, 2002 జనవరిలో కంపెనీ మూతపడింది.

లినక్స్ వాడేవాళ్లు తక్కువ కాబట్టి మునిగిందంటే అది సగం జవాబే. గేమ్‌లు ఆడే లినక్స్ అభిమానుల్లో చాలామంది అదే కంప్యూటర్‌లో విండోస్ కూడా ఉంచుకునేవాళ్లు. విండోస్ వెర్షన్ ముందే వచ్చేది, కొనేసేవాళ్లు. పోర్ట్ షాపుకి చేరేసరికి విండోస్ వెర్షన్ ధర తగ్గిపోయి ఉండేది. అందుకే లినక్స్‌లో ఎంతమంది ఆడతారన్నది అసలు లెక్క కాదు. పోర్ట్ లేకపోతే మీ గేమ్ కొననే కొననివాళ్లు ఎంతమందో అది చూడండి.

ఇక ఖర్చు. ఆర్టిస్ట్ గోడ బొమ్మ ఫైల్‌కి Wall అని పెద్ద డబ్ల్యూతో పేరు పెడతాడు, ప్రోగ్రామర్ కోడ్‌లో చిన్న డబ్ల్యూ రాస్తాడు. విండోస్ పట్టించుకోదు. లినక్స్‌లో ఆ ఫైల్ దొరకదు, గేమ్‌లో గోడ మాయం! ఇలాంటివి వేల ఫైళ్లలో వెతకాలి. ఇది తేలికైన పని. విండోస్‌కే చెందిన డైరెక్ట్‌ఎక్స్ మీద రాసిన గ్రాఫిక్స్ మార్చడం, ఆపైన ప్రతి అప్‌డేట్‌నీ రెండుచోట్ల టెస్ట్ చేయడం, అసలు భారం అక్కడుంది. రాకెట్ లీగ్ అనే ఆన్‌లైన్ గేమ్ 2020 మార్చిలో లినక్స్, మ్యాక్ వెర్షన్లకు సపోర్ట్ ఆపేసింది. ఆ రెండూ కలిపినా ఆడేవాళ్లలో 0.3 శాతం లోపేనని కంపెనీ చెప్పింది. ఆ కొద్దిమందీ డబ్బు పెట్టి కొన్నవాళ్లే కదా, వాళ్ల కోపం న్యాయమైనదే. కొనసాగించలేని పోర్ట్ అమ్మకండి.

లోకీలో లీడ్ ప్రోగ్రామర్‌గా చేసిన శామ్ లాంటింగా 1998లో మొదలుపెట్టిన ఎస్‌డీఎల్ లైబ్రరీ మాత్రం ఇప్పటికీ బతికే ఉంది. విండో తెరవడం, కీబోర్డ్, సౌండ్ లాంటి పనులు ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైనా అదే చూసుకుంటుంది. మొదటి రోజు నుంచే ఇలాంటిదాని మీద రాస్తే పోర్ట్ ఖర్చు బాగా తగ్గుతుంది.

2018 ఆగస్టులో, స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చాక లెక్క ఇంకా మారింది. విండోస్ గేమ్‌నే అది లినక్స్‌లో నడిపిస్తుంది. 2022లో వాల్వ్ తెచ్చిన, చేత్తో పట్టుకుని ఆడే లినక్స్ పరికరం స్టీమ్ డెక్‌లో ఉన్నది ఇదే. కాబట్టి పోర్ట్‌కి బడ్జెట్ వేసేముందు మీ విండోస్ బిల్డ్‌ని డెక్‌లో ఆడి చూడండి. 7 అంగుళాల తెర మీద అక్షరాలు చదవగలుగుతున్నామా? మౌస్ లేకుండా మెనూలు కదులుతున్నాయా? ముందు ఆ రిపేర్లకు ఖర్చు పెట్టండి. ఆన్‌లైన్ గేమ్ అయితే, మీరు కొనబోయే యాంటీ-చీట్ (ఆటలో మోసాలను పట్టే సాఫ్ట్‌వేర్) ప్రోటాన్‌లో పనిచేస్తుందో లేదో ఒప్పందం మీద సంతకం పెట్టకముందే కనుక్కోండి.