వాటాలు రాష్ట్రపతివి, పత్రాలు పార్లమెంటువి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ వచ్చి కూర్చున్న మీ అందరికీ నమస్కారం.

ప్రభుత్వ రంగ సంస్థల మీద పార్లమెంటు అజమాయిషీ గురించి మాట్లాడమన్నారు. ఢిల్లీలోనైతే ఈ ప్రసంగం రాజ్యాంగ అధికరణలతో మొదలుపెట్టాలి. విశాఖపట్నంలో ఆ అవసరం లేదు. మల్కాపురం నుంచి బయలుదేరి మింది, గాజువాక దాటి ఉక్కునగరం దాకా వెళితే చాలు, చెప్పాల్సినదంతా రోడ్డు పక్కనే ఉంది.

మల్కాపురంలో ఉన్నది హెచ్‌పీసీఎల్ రిఫైనరీ. 1957లో కాల్‌టెక్స్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వం 1977లో ప్రత్యేక చట్టం చేసి దాన్ని తీసుకుంది. వాజపేయి ప్రభుత్వం హెచ్‌పీసీఎల్, బీపీసీఎల్‌లలో వాటా అమ్మాలనుకున్నప్పుడు, 2003 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆపేసింది. పార్లమెంటు చట్టం చేసి తీసుకున్న ఆస్తిని, పార్లమెంటు ఆ చట్టాన్ని సవరించకుండా ప్రైవేటు చేతికి ఇవ్వడం కుదరదు అన్నది తీర్పు సారాంశం.

మిందిలో హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ ఉండేది. 1977లో మొదలై 2012లో మూతపడింది. ఈ కంపెనీ వెనుక కూడా ఒక జాతీయీకరణ చట్టం ఉంది. అయినా 2002లో యాజమాన్య హక్కుతో సహా వాటా అమ్మినప్పుడు ఎవరూ పార్లమెంటు దగ్గరికి వెళ్లలేదు. చమురు కంపెనీల తీర్పు ఆ మరుసటి ఏడు వచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. ఆ అమ్మకంపై కేసు నమోదు చేయమని 2021 నవంబరులో సీబీఐని సుప్రీంకోర్టు ఆదేశించింది. అమ్మిన పంతొమ్మిదేళ్ల తరువాత!

ఇక ఉక్కు కర్మాగారం. దాని చరిత్ర మీకు నేను చెప్పనక్కర్లేదు. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులోనే కర్మాగారం గురించి ప్రకటించారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ లిమిటెడ్ అని కంపెనీ పెట్టారు. 2021 జనవరి 27న ఆర్థిక వ్యవహారాల కేబినెట్ కమిటీ నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఇక్కడ ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. పార్లమెంటు బడ్జెట్ సమావేశాలు జనవరి 29న మొదలయ్యాయి. రెండు రోజులు ఆగితే సభ కొలువుదీరి ఉండేది. ఆగనక్కర్లేదు కాబట్టి ఆగలేదు. ఈ ప్రాంత ఎంపీలు అడిగితే, మార్చిలో ఆర్థిక మంత్రి లిఖితపూర్వకంగా అవునని జవాబిచ్చారు. సభ ఆమోదం ఎందుకు అక్కర్లేదంటే, ఉక్కు కర్మాగారానికి చట్టం లేదు. కంపెనీల రిజిస్ట్రార్ ఇచ్చిన ధ్రువపత్రం ఉంది.

ఒకే రోడ్డు మీద ఉన్న, ఒకే ప్రజల డబ్బుతో నడిచిన సంస్థలు. ఒకదాని అమ్మకానికి పార్లమెంటు అనుమతి కావాలని కోర్టు అంది, మరొకదానికి ఒక గదిలో కూర్చున్న మంత్రులు చాలారు. ఈ తేడా వాటి లాభనష్టాల వల్ల వచ్చినది కాదు, దేశానికి వాటి అవసరం వల్ల వచ్చినదీ కాదు. పుట్టిననాడు ఏ కాగితం మీద పుట్టాయన్నదే తేడా.

కంపెనీ రూపం మీద అభ్యంతరం మొదటి నుంచీ ఉంది. 1950లలోనే, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ పదవిలో ఉన్నవారే, ప్రభుత్వ సంస్థలను ఇలా కంపెనీలుగా పెట్టడం కంపెనీల చట్టానికీ రాజ్యాంగానికీ చేస్తున్న మోసమని ఘాటుగా అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. కంపెనీ అన్నాక వాటాదార్లు ఉంటారు, ఏటా సర్వసభ్య సమావేశంలో డైరెక్టర్లను నిలదీస్తారు. ఇక్కడ వాటాలన్నీ రాష్ట్రపతి పేరిట ఉంటాయి. రాష్ట్రపతి తరఫున మంత్రిత్వ శాఖ అధికారి ఒకరు వచ్చి కూర్చుంటారు. అదే శాఖకు చెందిన మరో అధికారి డైరెక్టర్ల బోర్డులో ఉంటారు. అడిగేవారూ చెప్పేవారూ ఒకే కారిడార్‌లో పనిచేసేవాళ్లు.

మరి డబ్బు పెట్టిన ప్రజల తరఫున ఎవరు అడగాలి? ఈ ప్రశ్నను లోక్‌సభలో మొదట లేవనెత్తినవాడు మీ ఊరి ఎంపీ. విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా గెలిచిన డాక్టర్ లంకా సుందరం 1953 డిసెంబరులోనే, ఈ సంస్థలను పరిశీలించడానికి ప్రత్యేకంగా పార్లమెంటరీ కమిటీ కావాలని అడిగారు. కమిటీ ఏర్పడింది 1964 మే 1న. మధ్యలో పదేళ్లు ఏమైందంటే, సంస్థల స్వేచ్ఛ దెబ్బతింటుందని కొంత వాదన, కమిటీలో రాజ్యసభ సభ్యులకు చోటివ్వాలా వద్దా అని మరికొంత వాదన. ఈ ఊళ్లో ఆయన పేరు ఈ సందర్భంలో తలుచుకునేవాళ్లు తక్కువ. నేనైతే తలుచుకోకుండా ముందుకు వెళ్లలేను.

ఆ పదేళ్ల మధ్యలోనే ముంద్రా వ్యవహారం వచ్చింది. ఎల్‌ఐసీ 1956లో పార్లమెంటు చట్టంతో పుట్టింది. ఏడాది తిరక్కుండానే, 1957 జూన్‌లో, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి చెందిన ఆరు కంపెనీల వాటాలను సుమారు 1.24 కోట్ల రూపాయలకు కొన్నది. తన పెట్టుబడుల కమిటీని ముందుగా అడగకుండానే కొన్నది. ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం. ఎల్‌ఐసీ స్వతంత్ర సంస్థ కదా, దాని కొనుగోళ్ల గురించి మంత్రిని ఎందుకు అడుగుతారని అప్పుడూ అన్నారు. 1957 డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ లేచి, మనం పుట్టించిన సంస్థ మీద నిఘా మన బాధ్యత కాదా అని అడిగారు. ఆయన పాలక పక్షం సభ్యుడు, పైగా ప్రధానమంత్రి అల్లుడు. స్పీకర్ కుర్చీలో ఉన్నది మన చిత్తూరు జిల్లాకు చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్.

ఆ తరువాత జరిగింది ఇప్పటి తరానికి కథలా వినిపిస్తుంది. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి చాగ్లా బహిరంగ విచారణ జరిపారు. జనం పట్టక హాలు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టారు. ఆర్థిక శాఖ కార్యదర్శి చేసిన పనికి మంత్రిదే బాధ్యత అని ఆయన తేల్చారు. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రశ్న లేచిన రెండు నెలల్లో మంత్రి పదవి పోయింది. అప్పటికి ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ అనేదే లేదు. కావలసిన అధికారం సభకు ఎప్పుడూ ఉంది. దాన్ని వాడే సభ్యుడు, వాడనిచ్చే స్పీకర్ కూడా ఉండాలి.

ఇప్పుడు ఎలా నడుస్తోందో ఒక్క దృశ్యం దగ్గరగా చూడండి. సంసద్ టీవీ ప్రసారంలో మీరూ చూసి ఉంటారు. మధ్యాహ్నం పన్నెండు గంటలు, ప్రశ్నోత్తరాల సమయం అప్పుడే ముగిసింది. సభ్యులు సగం మంది లేచి బయటికి పోతుంటారు. ‘సభా పటలంపై ఉంచాల్సిన పత్రాలు’ అని స్పీకర్ అంటారు. మంత్రి లేచి, అజెండాలో తన పేరు ఎదురుగా ఉన్న పత్రాలను సభ ముందు ఉంచుతున్నానని ఒక్క వాక్యం చెప్పి కూర్చుంటారు. ఆ వాక్యం కింద ఒక కంపెనీ వార్షిక నివేదిక, దాని పనితీరుపై ప్రభుత్వ సమీక్ష, లెక్కలపై కాగ్ వ్యాఖ్యలు ఉంటాయి. వేల కోట్ల లెక్క అర నిమిషంలో సభ ముందుకు వచ్చినట్టే, వెళ్లిపోయినట్టే.

ఆ జాబితాలో తరచూ చివర ఇంకో పత్రం ఉంటుంది. ‘పై పత్రాలను ఉంచడంలో జరిగిన ఆలస్యానికి కారణాలు తెలిపే ప్రకటన’. ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా లెక్కలు సభకు రావాలి, రాకపోతే ఎందుకు రాలేదో చెప్పాలి. దీన్ని చూడటానికి 1975 నుంచి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది. నా మటుకు నాకు పార్లమెంటు పత్రాల్లో అన్నిటికన్నా ఆసక్తికరమైనవి ఈ ఆలస్య ప్రకటనలే. హిందీ అనువాదం ఆలస్యమైందనో, ముద్రణ ఆలస్యమైందనో ఉంటుంది. ఏ సంస్థలో లెక్కలు రాసే మనిషి కొరవడ్డాడో, ఎక్కడ ఆడిటర్‌తో తగాదా నడుస్తోందో ఆ మర్యాదైన వాక్యాల మధ్య కనిపెట్టవచ్చు. విలేకరులుగా పనిచేస్తున్నవాళ్లు ఈ సభలో ఉంటే ఈ చిరునామా రాసుకోండి.

ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ సంగతికి వస్తే, ఇరవై రెండు మంది సభ్యులు, పదిహేను మంది లోక్‌సభ నుంచి, ఏడుగురు రాజ్యసభ నుంచి. మంత్రులు ఉండకూడదు. పదవీకాలం ఒక్క ఏడాది. కేంద్ర ప్రభుత్వ సంస్థలు చూస్తే మూడు వందలకు పైగా. ఒక సంస్థ లెక్క అర్థమయ్యేసరికి ఏడాది గడిచి కొత్త సభ్యులు వస్తారు. అధికారులు ఈ సంగతి బాగా ఎరిగినవాళ్లే. మొదట కంపెనీవాళ్లను, తరువాత మంత్రిత్వ శాఖవాళ్లను పిలిచి అడుగుతారు, కాగ్ అధికారులు పక్కన కూర్చుని సాయం చేస్తారు. తలుపులు మూసే అడుగుతారు. దానివల్ల ఒక మేలుంది. కెమెరా లేదు కాబట్టి పార్టీలు పక్కనపెట్టి నిజంగానే అడుగుతారు. అధ్యయన యాత్రల్లో బసా భోజనం ఏర్పాట్లు చూసేది పరిశీలనకు వచ్చిన సంస్థే కావడం మాత్రం నాకు ఎన్నడూ మింగుడుపడలేదు.

అసలు చిక్కు కమిటీ నియమాల్లోనే ఉంది. వ్యాపార నిర్వహణ సరిగా ఉందా అని అడగవచ్చు. ప్రభుత్వ ప్రధాన విధానం జోలికి పోకూడదు, రోజువారీ పాలన జోలికీ పోకూడదు. ఉక్కు కర్మాగారం మీదే పెట్టి చూడండి. ఇనుప ఖనిజం ఖర్చు ఎందుకింత అని కమిటీ అడగవచ్చు. సొంత గనులు లేవు, బయట కొంటున్నాం అని కంపెనీ అధిపతి సీఎండీ చెబుతారు. గనులు ఎందుకు ఇవ్వలేదు అని అడిగితే అది విధానం అంటారు. ప్రశ్న ఏ గుమ్మం దగ్గర ఆగిందో జబ్బు సరిగ్గా ఆ గుమ్మం అవతలే ఉంది.

సిఫారసులకు ఆరు నెలల్లో ప్రభుత్వం జవాబివ్వాలి. ఇస్తుంది కూడా. ‘గమనించాం’ అనేది అందులో తరచూ కనిపించే మాట. నివేదికలపై సభలో చర్చ జరగడం మాత్రం అరుదు.

మరోవైపు, ఈ సంస్థల్లో పనిచేసిన పెద్దలు చెప్పే మాట కూడా వినాలి. ఒక టెండరులో తక్కువ ధరను కాదని మంచి సరుకును ఎంచుకుంటే కాగ్, విజిలెన్స్, సీబీఐ, కోర్టు అన్నీ వెంటపడతాయి, అందుకే ఎవరూ నిర్ణయం తీసుకోరు అంటారు. నిజమే. నేను వారితో ఏకీభవిస్తాను. టెండరు మీద నాలుగు భూతద్దాలు పెట్టాం. కంపెనీనే అమ్మేటప్పుడు అడిగేవారిని పెట్టలేదు.

ఇంకో వింత కూడా ఉంది. 2025 జనవరిలో ఉక్కు కర్మాగారానికి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు, అందులో 10,300 కోట్లు వాటా మూలధనం. ఆ డబ్బు ప్రభుత్వ ఖజానా అయిన సంచిత నిధి నుంచి కదలాలంటే పార్లమెంటు పద్దు ఆమోదించాలి. అంటే కంపెనీలోకి రూపాయి వేయాలంటే సభ ఓటు కావాలి, మొత్తం కంపెనీని అమ్మేయాలంటే అక్కర్లేదు! పైగా ప్రభుత్వ వాటా 51 శాతం కన్నా తగ్గిన రోజున అది ప్రభుత్వ కంపెనీ కాకుండా పోతుంది. వార్షిక నివేదిక సభకు రావాల్సిన పని లేదు, ఆడిటర్‌ను కాగ్ నియమించాల్సిన పనీ లేదు.

చట్టంతో పుట్టినవాటికి రక్షణ ఉంది కదా అని ధీమాగా ఉండటానికీ లేదు. బీపీసీఎల్‌కు మూలమైన బర్మా షెల్ చట్టాన్ని 2016లో, కాలం చెల్లిన చట్టాల ఏరివేతలో భాగంగా రద్దు చేశారు. ఎల్‌ఐసీని స్టాక్ మార్కెట్‌కు తీసుకెళ్లేందుకు దాని చట్టాన్ని 2021 ఫైనాన్స్ చట్టంలో భాగంగా సవరించారు. ద్రవ్య బిల్లు కాబట్టి రాజ్యసభ మాటకు విలువ లేకపోయింది. 2022 మేలో 3.5 శాతం వాటా అమ్మారు. అమ్మడం తప్పా ఒప్పా అనేది వేరే చర్చ. దేశంలోకెల్లా పెద్ద బీమా సంస్థ చట్టం మారుతుంటే దానికంటూ ఒక బిల్లు, దాని మీద ఒక పూట చర్చ అయినా దక్కలేదన్నదే నా ఫిర్యాదు.

రాష్ట్రాల సంగతి ఇంకా దిగువన ఉంది. లెక్కలు ఏళ్ల తరబడి పూర్తికాని కార్పొరేషన్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బడ్జెట్‌లో కనిపించని అప్పు తెచ్చేందుకే కార్పొరేషన్ పెట్టడం కొత్త అలవాటు. కాళేశ్వరం కార్పొరేషన్‌కు సొంత ఆదాయం లేదు, అప్పు తీర్చేది ప్రభుత్వమే. దానిపై కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో శాసనసభకు వచ్చింది. అప్పటికి అప్పు తెచ్చిన ప్రభుత్వమే మారిపోయింది.

నేను కోరేది ఒక్కటే, చిన్నదే. చట్టంతో పుట్టినా కంపెనీగా పుట్టినా, ప్రభుత్వ వాటాను 51 శాతం కిందికి తెచ్చే ఏ నిర్ణయమైనా ఉభయ సభల తీర్మానం తరువాతే అమలు కావాలి. తీర్మానంతో పాటు ఆ సంస్థ మీద కమిటీ ఇచ్చిన చివరి నివేదిక, ఆస్తుల విలువ ఎలా కట్టారన్న పత్రం సభ ముందు ఉండాలి. కంపెనీల చట్టానికి ఒక సెక్షన్ చేరిస్తే సరిపోతుంది. కొనేవాళ్లు అంతకాలం ఆగరని అంటారు. రెండు సభల్లో రెండు రోజుల చర్చకు ఆగలేనివాడు ఇరవై వేల ఎకరాల కర్మాగారాన్ని ఎలా నడుపుతాడో నాకు తెలియదు. మెజారిటీ ఉన్న ప్రభుత్వం ఆ తీర్మానం నెగ్గించుకుంటుంది, అందులో సందేహం లేదు. కానీ మంత్రి లేచి నిలబడి కారణం చెప్పాలి, మన ఎంపీలు ఎటు ఓటు వేశారో రికార్డులో ఉండాలి.

సమయం మించిపోయింది. ఉక్కు, రిఫైనరీ ఉద్యోగ సంఘాలవాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. నా ప్రతిపాదన చాలదనేవాళ్లు, అసలు అక్కర్లేదనేవాళ్లు కూడా ఉంటారు. ముందు వాళ్లనే మాట్లాడమని కోరుతున్నాను.