గోడకి కన్నం, దాని పక్కన మనం

నమస్తే అండీ. వైజాగ్‌లో రైలు పట్టాల పక్కన ఒక గోడ దగ్గర నిలబడ్డాను. ఏ పేటో చెప్పను, చెబితే రేపటికి కొత్తవాళ్లకీ దారి తెలిసిపోద్ది. ఈ కన్నం చూడండి. జనం చేతులు ఆన్చి దూరీ దూరీ అంచులు ఎలా నున్నగా అయిపోయాయో! ఇటువైపు ఇళ్లు, అటువైపు బజారు. ఇంటర్‌లో నేనూ ఇలాగే దాటేవాణ్ని. ఓసారి కంకరలో చెప్పు ఇరుక్కుంది. వంగి లాగుతున్నా. ఎవరో అరిస్తే తలెత్తి చూశా. దూరంగా ఉందనుకున్న బండి అప్పటికే దగ్గరకొచ్చేసింది.

అది నా ఒక్కడి పొరపాటు కాదు. పెద్ద వస్తువు వస్తుంటే, దాని అసలు వేగం కన్నా నెమ్మదిగా వస్తోందని మన కన్ను అనుకుంటుంది. లీబోవిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లోనే ఈ సంగతి రాశాడు. ఇంకోటి. రైలు పట్టాల వెడల్పే ఉంటుందనుకుంటాం కదా? రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, ఎల్‌హెచ్‌బి అనే రకం రైలు పెట్టె వెడల్పు 3,240. అంటే పట్టా లోపలి అంచు నుంచి ఇటు 78, అటు 78 సెంటీమీటర్లు పెట్టె బయటికి వస్తుంది. చెయ్యి చాపితే ఎంతో సుమారు అంత. పట్టా పక్కన నిలబడి సెల్ఫీ తీసుకునేవాడికి ఈ లెక్క ఎవరు చెప్పారు? పైగా రైలు నడిపే లోకో పైలట్ బండిని పక్కకి తిప్పలేడు. హారన్ కొట్టి, బ్రేక్ వేసి, చూస్తూ కూర్చోవాల్సిందే.

ఇలా పట్టాలు దాటకూడదని చట్టం ఉంది. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ కూరగాయల సంచితో వచ్చే ఆవిడకి జరిమానా కన్నా ఆ చుట్టుదారే పెద్ద శిక్ష. ఉత్తి గోడ కడితే ఇంకో కన్నం పడుద్ది. గోడతో పాటు నడక వంతెనో, సబ్‌వేనో ఇవ్వాలి. అదీ జనం నడిచేచోట, కాగితం మీద ఖాళీ ఉన్నచోట కాదు.

ఇక రెండో సంగతి, కొంచెం నెమ్మదిగా చెప్తాను. చచ్చిపోదామని స్టేషన్‌కొచ్చేవాళ్లూ ఉంటారు. ఆ ఉధృతి చాలామందిలో కాసేపే ఉంటుంది, ఎవరైనా పలకరిస్తే తగ్గుతుంది. బ్రిటన్ రైల్వేల్లో 2017 నుంచి ప్రయాణికులకి చెబుతున్నది ఇదే. బళ్లు వచ్చిపోతున్నా ఏదీ ఎక్కకుండా, ప్లాట్‌ఫాం చివర ఒక్కరే దిగులుగా నిలబడితే, "ఏ బండికండీ మీరు?" అని అడగండి. "టీ తాగుదామా?" అనండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగినా తప్పు లేదు, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. మీరు మాత్రం పట్టాల మీదికి దిగొద్దు. స్టేషన్లో ఉండే ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లని పిలవండి, లేదా రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చెయ్యండి.

ఇది చూస్తున్న మీకే అలా ఉంటే, మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉంది, నంబర్ 14416. పగలూ రాత్రీ ఉంటారు, డబ్బులేమీ పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వీడియో ఆపేసి చెయ్యండి, మిగతాది తర్వాత చూడొచ్చు.

అదిగో, కన్నంలోంచి ఒకాయన సైకిల్ ఎత్తుకుని వస్తున్నారు. ఉండండి, అడుగుతాను... "బాబాయ్, వంతెన ఎక్కడ కడితే మీరు ఎక్కుతారు?"