పరమానందయ్య యాడున్నడు?

అందరికీ నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల సభ కదా, పుస్తకాల మీద మాట్లాడతానేమో అనుకుని వచ్చిన పెద్దలు మన్నించాలి. ముందు వరుసల్లో తొమ్మిది, పది తరగతుల పిల్లలున్నారు. వాళ్ల వెనక, ఈ యేడు తమ బడిలో పిల్లల చేత నాటకం వేయించాలనుకుంటున్న టీచర్లున్నారు. నన్ను మాట్లాడమన్నదీ దాని గురించే. పాఠం చెప్పడం ఇష్టం లేని ఒక సారు, ఏ సారుకూ అక్కరలేని కొందరు పిల్లలు. ఈ జోడీతో నవ్వు నాటకం ఎట్లా రాయాలి?

ఈ జోడీ మనకు కొత్తది కాదు. పరమానందయ్య శిష్యుల కథలు వినని ఇల్లు పాలమూరులో ఉండదు. సూది కొనుక్కురమ్మంటే దాన్ని తాటిమొద్దుకు గుచ్చి, అందరూ కలిసి భుజాల మీద మోసుకొచ్చిన శిష్యులు వాళ్లు. ఏరు దాటిన కథ ఇంకా బాగుంటుంది. ఒడ్డెక్కాక ఒకడు లెక్కపెడతాడు, పదకొండు మందే. ఇంకొకడు లెక్కపెడతాడు, మళ్లీ పదకొండే. ప్రతివాడూ తనను వదిలేసి లెక్కపెట్టాడు. పన్నెండో వాణ్ణి ఏరు మింగిందని పన్నెండు మందీ కూర్చుని ఏడుస్తారు.

ఈ కథ నేనొకసారి తొమ్మిదో తరగతిలో చెప్పాను. పాఠంలో భాగంగా కాదు, గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంటే పొద్దుపోవడానికి చెప్పాను. పిల్లలంతా నవ్వారు. ఒక అమ్మాయి నవ్వలేదు. హాజరు పట్టీలో ఆమె నంబరు 27. ఆ పిల్ల లేచి అడిగింది: "సార్, మరి పరమానందయ్య యాడున్నడు? ఆయన ఎందుకు లెక్కవెట్టలే?"

నా దగ్గర జవాబు లేదు. ఈ రోజు చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టే తిరుగుతుంది.

అప్పుడు నేను నారాయణపేట వైపు ఒక ఊళ్లో తెలుగు చెప్పేవాణ్ణి. ఇల్లు పాలమూరు పట్నంలో. పొద్దున బస్సు, దేవరకద్ర, మరికల్ దాటాక దిగి, అక్కణ్ణుంచి ఆటో, సాయంత్రం మళ్లీ అదే దారి. డీఎస్సీలో ఉద్యోగం వచ్చింది కాబట్టి చేరాను. బడి మీద ప్రేమతో చేరలేదు. స్టాఫ్ రూంలో నా నోట వచ్చే మాట ఒకటే: బదిలీలు ఎప్పుడు? ఇది మీ దగ్గర దాచను. ఇక్కడున్న కొత్త టీచర్లలో కొందరి మనసులో ఇదే మాట ఉండొచ్చు, వాళ్ల కోసమే చెబుతున్నాను.

ఆ తరగతిలో వెనక బెంచీలు రెండు. ఒక పిల్లవాడు మూడేళ్లు అమ్మానాన్నలతో బొంబాయిలో ఉండి వచ్చాడు. పాలమూరు లేబర్ అని దేశమంతా పేరున్న జిల్లా మనది. డ్యాములు కట్టి, కాలువలు తవ్వి, రోడ్లు వేసిన చేతులు మనవి. ఆ చేతుల వెంట పిల్లలూ పోతారు. వీడు ఏక్, దోన్, తీన్ అని మరాఠీలో లెక్క చేసి, జవాబు తెలుగులో చెప్పేవాడు. ఇంకొకడి ఇంట్లో కన్నడం. పేరు పిలిస్తే "హౌదు సార్" అని లేచేవాడు, క్లాసంతా గొల్లుమనేది. ఇంకొకడికి బస్సు కండక్టరంటే ప్రాణం. "జడ్చర్ల, బాలానగర్, షాద్‌నగర్, శంషాబాద్, ఆరాంఘర్" అని ఒక్క గుక్కలో చెప్పేవాడు, మధ్యలో రెండు వేళ్లతో టికెట్లు చింపినట్టు చేసేవాడు. 27వ నంబరు అమ్మాయి దసరా దాటితే కనిపించేది కాదు. పత్తి ఏరే రోజులు. కిలోకింత అని కూలి లెక్క. ఇంట్లో అక్క ఏరే కిలోలకు చెల్లె ఏరినవి తోడైతేనే ఆ వారం గడిచేది. ఆ నెలల్లో ఆమె పేరు ఎదురుగా నేను ఎర్ర సిరాతో గైర్హాజరు గీతలు గీస్తూ పోయాను. ఎందుకు రాలేదని ఒక్కసారీ అడగలేదు.

సెప్టెంబరు 5 వచ్చింది. 1962 నుంచి మన దేశంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజును ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన బడుల్లో ఆ రోజు స్వపరిపాలన దినం కూడా. పిల్లలే సార్లు, పిల్లలే మేడాలు, ఒకడు హెడ్మాస్టరు, ఒకడు కలెక్టరు, అటెండరు బెల్లు కొట్టే పని కోసం కొట్లాట. అక్కల చీరలు, నాన్నల ప్యాంట్లు, నడుముకు రెండు పిన్నులు. మన బడిలో పుట్టే మొదటి నవ్వు నాటకం అదే. దాన్ని ఎవరూ రాయరు, ఎవరూ నేర్పరు.

ఆ ఏడు కండక్టరు పిల్లవాడు తెలుగు సారయ్యాడు. అంటే నేనయ్యాడు. లోపలికి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. పుస్తకం తెరిచి బల్ల మీద బోర్లించాడు. కిటికీ వైపు తిరిగి, చెవి దగ్గర ఉత్త చెయ్యి పెట్టుకుని, "లిస్టు ఒచ్చిందా? ఖాళీలు యాడ చూపిస్తున్నరు?" అన్నాడు. క్లాసు విరగబడి నవ్వింది. వాడు నన్ను వెక్కిరించలేదు. రోజూ చూసేది చూసినట్టు చేశాడు. వాడికి నా గురించి అంత తెలుసు. నాకు వాడి గురించి ఆ బస్సు పాట తప్ప ఏమీ తెలియదు.

సాయంత్రం వెనక బెంచీ మొత్తం వచ్చి నిలబడింది. "కోపమొచ్చిందా సార్?" అన్నారు. రాలేదన్నాను. "అయితే దీన్ని నాటకం చేద్దామా?" అన్నారు. నవంబరు 14కు చేద్దాం అన్నాను. ఆ రోజు ఆఖరి బస్సుకు పోయాను.

ఇప్పుడు నాటకం సంగతి. పిల్లలూ, ఇక్కడ జాగ్రత్తగా వినండి.

మొదటి రాతలో వాళ్లు ఏం రాశారంటే, సారు పిల్లల్ని కొడతాడు, పిల్లలు సారు కుర్చీకి జిగురు పూస్తారు, చివరికి సారు ఏడుస్తూ రెండు పేజీల ఉపన్యాసమిస్తాడు, పిల్లలు కాళ్లు మొక్కుతారు. మనలో చాలామందికి తోచే కథ ఇదే. రిహార్సల్లో గోడకుర్చీ సీను వేశారు. చూసేవాళ్లు నవ్వారు. కన్నడం పిల్లవాడు గోడకు ఆని కూర్చున్నాడు, వాడి మొహంలో నవ్వు లేదు. వాడికది వేషం కాదు, అలవాటు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. చట్టం బెత్తాన్ని తరగతిలోంచి తీసేసింది, మన హాస్యంలోంచి ఎవరూ తీయలేదు. ఆ సీను మేం తీసేశాం. దెబ్బ తినేవాడు నవ్వలేని చోట చూసేవాడు నవ్వితే దాన్ని నేను హాస్యం అనను. ఈ విషయంలో నేను రాజీపడను.

మరి నవ్వు ఎక్కణ్ణుంచి రావాలి? దారి చూపింది 27వ నంబరు అమ్మాయే. ఆమె అన్నది: "సారుకు పట్నం పోవాలనే ఉంది గద. పోరలకు ఆ సారు మీద కోపమెందుకుంటది? పాపమనిపిస్తది. మనమే పంపిద్దమని ఎమ్ఈవోకు దరఖాస్తు రాస్తరు."

అంతే, నాటకం లేచి కూర్చుంది. పిల్లలు సారుకు మేలు చేయాలనుకుంటారు. సారు బదిలీ కోసం వాళ్లే రహస్యంగా దరఖాస్తు రాస్తారు. రాసింది సరిగా ఉందో లేదో చూడడానికి ఊళ్లో తెలుగు బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? సారే. ఎవరిదో చెప్పకుండా కాగితం తెచ్చి ఆయన చేతిలోనే పెడతారు.

మొదటి దరఖాస్తు ఆ అమ్మాయే రాసింది. "గౌరవనీయులైన మండల విద్యాధికారి గారికి, ప్రార్థించి వ్రాయునది ఏమనగా, మా సారును వెంటనే బలీ చేయగలరు." బదిలీలో 'ది' పోయింది. ఆమె కావాలని రాయలేదు, నిజంగానే అక్షరం జారింది. చదివిన నేను ముందు ఎర్ర పెన్ను తీశాను, తర్వాత ఆపుకోలేక నవ్వాను, ఆమె కూడా చూసుకుని నవ్వింది. ఈ తప్పును దిద్దకుండా నాటకంలో పెడదామా అని అడిగాను. "పెట్టుండ్రి సార్, కని నేనే రాసిన్నని చెప్పాలె" అన్నది. చెప్పాం. కరపత్రంలో ఆమె పేరే మొదట వేశాం.

నాటకంలో సారు ఆ కాగితం చూసి ఉలిక్కిపడతాడు. పిల్లల్ని పిలిచి, నెలల తర్వాత మొదటిసారి చాక్‌పీసు పట్టుకుని, బోర్డు మీద బదిలీ అని పెద్దగా రాస్తాడు. రెండో దరఖాస్తు వస్తుంది: "మా సారుకు పట్నంలో ఇల్లు, భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు కావున వెంటనే తొలగించగలరు." ఎవరిని తొలగించాలి? ఇంటినా, భార్యనా? ఆ పూట వాక్యంలో కర్త, కర్మ పాఠం నడుస్తుంది. ఆ తర్వాత చిరునామా ఎక్కడ రాయాలి, తేదీ ఎక్కడ వేయాలి, సంతకం కింద తరగతి రాయాలా వద్దా. సారుకు తెలియకుండానే సారు పాఠం చెబుతున్నాడు. పిల్లలకు తెలియకుండానే నేర్చుకుంటున్నారు. చూసేవాళ్లకు మాత్రం రెండూ తెలుసు. అందుకే నవ్వుతారు. ఇందులో ఏ పిల్లవాడి మొహమూ చిన్నబోదు.

ఇక్కడ ఉపన్యాసం అక్కర్లేదు. మూడో దరఖాస్తు వస్తుంది. సారు ఎర్ర పెన్ను మూత తీసి చదువుతాడు. ఒక్క తప్పు కూడా లేదు. పెన్ను గాల్లోనే ఉండిపోతుంది. మెల్లగా మూత పెట్టేస్తాడు. మాట లేదు. సారు వేషం వేసిన కండక్టరు పిల్లవాణ్ణి ఆ చోట నిలబెట్టడానికి నాకు పది రోజులు పట్టింది. ఊరికే నిలబడడమంటే వాడికి భయం, ఏదో ఒక మాట అనేసేవాడు. "బస్సు ఆగినప్పుడు కండక్టరు ఏం చేస్తడు?" అని అడిగాను. "దిగేటోళ్లను చూస్తడు సార్" అన్నాడు. "అట్లనే చూడు" అన్నాను. అప్పటి నుంచి నిలబడ్డాడు.

భాష గురించి ఒక మాట చెప్పాలి. పిల్లలు వేదిక మీద ఎట్లా మాట్లాడాలి? ఇంట్లో మాట్లాడినట్టే. 'హౌదు సార్'ను మేం నాటకంలో అట్లాగే ఉంచాం. నారాయణపేట సంతలో రెండు భాషలూ కలిసే నడుస్తాయి, బడిలో ఒకటి తప్పు ఎట్లా అవుతుంది? మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారిని ఇక్కడ తలచుకోవాలి. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టినాయన. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే ఆయన ఊరూరికీ కబురుపెట్టి, 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అందులో 354 మంది కవులున్నారు. నాకు ఆ పుస్తకం చూసినప్పుడల్లా పెద్ద హాజరు పట్టీలా కనిపిస్తుంది. ఒక్కొక్కరే లేచి 'ఉన్నం' అంటున్నట్టు ఉంటుంది. పరమానందయ్య చేయని పని ఆయన చేశాడు.

టీచర్లు తరచూ అడిగేది ఒకటుంది: వెనక బెంచీ పిల్లలకు డైలాగులు గుర్తుండవు కదా? ఉంటాయి, ఆ మాట వాళ్లదైతే. మరాఠీ లెక్కల పిల్లవాడు మా నాటకంలో ఖర్చులు చూసుకున్నాడు. తెరగుడ్డ, రంగులు, మైకు అద్దె, అన్నీ ఏక్ దోన్ తీన్‌లోనే కూడి, పైసాతో సహా లెక్క అప్పజెప్పాడు.

దసరా సెలవుల తర్వాత 27వ నంబరు బడికి రాలేదు. ఈసారి ఇంటికి పోయాను. తాళం వేసి ఉంది. చేనుకు పోయాను. నడుముకు జోలె కట్టుకుని పత్తి ఏరుతున్నది. వాళ్లమ్మ, "ఇంకో ఇరవై దినాలు సార్, గింత ఒడిసినంక తోలుత" అన్నది. పద్నాలుగో తారీఖుకు ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఆమె వేషం ఇంకో అమ్మాయికి ఇచ్చాం. నాటకంలో హాజరు పిలిచే సీనులో నంబర్లన్నీ మా తరగతివే. 26 తర్వాత 27 అని పిలవాలి, జవాబు రాకూడదు, సారు ఎర్ర గీత గీసి 28కి పోవాలి. అట్లా రాసుకున్నాం.

బాలల దినోత్సవం నాడు బడి ముందర వేపచెట్టు కింద నాటకం. ఊరంతా వచ్చింది. బలీ దగ్గర ఎంత నవ్వారంటే పిల్లలు కాసేపు ఆగాల్సి వచ్చింది. హాజరు సీను వచ్చింది. కండక్టరు పిల్లవాడు పట్టీ తెరిచి పిలుస్తున్నాడు. ఇరవై ఐదు. ఇరవై ఆరు. ఇరవై ఏడు.

"ఉన్న సార్!"

జనం వెనక నుంచి వచ్చింది ఆ గొంతు. అందరం తిరిగి చూశాం. చేనులోంచి నేరుగా వచ్చినట్టుంది, తలలో పత్తి పోగులు అట్లాగే ఉన్నాయి, చేతిలో టిఫిన్ డబ్బా. వేదిక మీద పిల్లవాడు ఎర్ర పెన్ను పట్టుకుని ఆమె వైపే చూస్తున్నాడు. దిగేవాళ్లను చూసే కండక్టరులాగా. తర్వాత జేబులో వెతుక్కుని, నీలం పెన్ను తీసి, పట్టీలో టిక్కు పెట్టి, ఇరవై ఎనిమిది అని పిలిచాడు.