సముద్రం ఇక లేదన్న మాట

శ్రోతలకు నమస్కారం.

బైబిల్లో ఒక చిన్న మాట ఉంది. "సముద్రమును ఇకను లేదు." ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో మొదటి వచనం చివర వస్తుంది. హైదరాబాదులోనో కర్నూలులోనో కూర్చుని చదివేవాళ్ళు ఆ మాట దగ్గర ఆగరు. కొత్త ఆకాశం, కొత్త భూమి అనే పెద్ద మాటల వెనక అది తోకలా వెళ్ళిపోతుంది. అదే మాటను ఒంగోలుకు తూర్పున, కొత్తపట్నం వైపు, అలల చప్పుడు వినపడే చోట పైకి చదివి చూడండి. ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు. నేను చదివిన రోజు చూశారు.

ఈ పన్నెండు నిమిషాలూ ఆ రోజు సంగతే చెబుతాను. ప్రకటన గ్రంథం మొత్తం చెప్పాలంటే 22 అధ్యాయాలు, ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు. అంత సమయం నాకివ్వలేదు. ఇచ్చినా అంత ధైర్యం నాకు లేదు.

అప్పట్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. సముద్రం ఒడ్డున ఒక పల్లెపాలెం బడికి పంతులుగా వేశారు. పాలెంలో తాటాకు కప్పిన చిన్న ప్రార్థన మందిరం ఉండేది. బుధవారం సాయంత్రం కూడిక. పాస్టరుగారు ఆరేడు ఊళ్ళు తిరగాలి, ఆ రోజు ఎక్కడో చిక్కుకుపోయి రాలేదు. చదువుకున్నవాడు కదా అని నన్ను నిలబెట్టి చేతిలో బైబిలు పెట్టారు. ఆ వారం చదవాల్సినవి ప్రకటన గ్రంథం చివరి అధ్యాయాలు. లాంతరు వెలుగు, చేపల వాసన, వలల మీద ఇంకా ఆరని తడి. నేను గొంతు సవరించుకుని చదువుతున్నాను.

"సముద్రమును ఇకను లేదు" అన్నానో లేదో, వెనక నుంచి ఒక కుర్రాడు, అప్పుడే వేట నుంచి వచ్చినవాడు, "అయ్యోరా, సముద్రం లేకపోతే మనకి కూడెట్టా?" అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు మొహం ఎర్రబడింది. బడిలో పిల్లలకు చెప్పినట్టే, "అది నిజం సముద్రం కాదయ్యా, గుర్తుగా చెప్పిన మాట" అన్నాను. వాడు ఊరుకోలేదు. "గుర్తయితే మాత్రం, మన సముద్రమే దొరికిందా ఆయనకి? కొండలు తీసెయ్యొచ్చు గదా" అన్నాడు. కొండలు కూడా కనబడకుండా పోయాయని 16వ అధ్యాయంలో ఉంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలిసుంటే గెలిచేవాణ్ణి.

గుంజకు ఆనుకుని ఒక అవ్వ కూర్చునుంది. ఆమె నవ్వలేదు. ఆమె ఏమన్నదో కాసేపాగి చెబుతాను. ముందు ఈ మాట రాసినాయన గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే అవ్వ ఎంత సరిగ్గా పట్టుకుందో మీకు తెలియదు.

రాసినాయన పేరు యోహాను. రాసింది పత్మాసు అనే చిన్న ద్వీపంలో. రోమా చక్రవర్తి డొమీషియన్ పాలన చివర్లో, అంటే క్రీస్తుశకం 95 ప్రాంతంలో రాశాడని చాలామంది పండితుల లెక్క. "పత్మాసు ద్వీపమున పరవాసినైతిని" అని ఆయనే చెప్పుకున్నాడు. తన సంఘాలేమో అవతలి గట్టున ఉన్నాయి. వాటిలో ఒకటి ఉన్న ఎఫెసు పట్నం నుంచి పత్మాసుకు తిన్నగా కొలిస్తే వంద కిలోమీటర్లు కూడా దాటదేమో. ఒంగోలు నుంచి నెల్లూరుకున్నంత దూరం కూడా కాదు. కానీ మధ్యలో నీళ్ళు. తనవాళ్ళు ఎలా ఉన్నారో, ఎవరిని పట్టుకుపోయారో తెలియదు. పొద్దున లేస్తే సముద్రం, పడుకోబోతే సముద్రం. అలాంటి మనిషి "సముద్రం ఇక లేదు" అని రాస్తే అందులో బెంగ ఉండదా? ఉంటుందని నేను అనుకుంటాను. పండితులు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సరే.

ఒక్క బెంగే కాదు. ఆ గ్రంథంలో సముద్రం చాలాసార్లు వస్తుంది, వచ్చినప్పుడల్లా ఏదో మోసుకొస్తుంది. 13వ అధ్యాయంలో పది కొమ్ములు, ఏడు తలలు ఉన్న క్రూరమృగం పైకి వచ్చేది సముద్రంలో నుంచే. అంతకు కొన్ని వందల ఏళ్ళ ముందే దానియేలు ప్రవక్త దర్శనంలో చూసిన నాలుగు మృగాలూ సముద్రంలో నుంచే లేచాయి. యూదులకు సముద్రమంటే హద్దు లేని కల్లోలం, దేవుడు అదుపు చేయాల్సిన శక్తి. 18వ అధ్యాయంలో అదే సముద్రం మీద ఓడలు సరుకు మోస్తాయి. బంగారం, వెండి, ముత్యాలు, దాల్చినచెక్క, గుర్రాలు, రథాలు. ఆ జాబితా చివరికి వచ్చేసరికి మనుషుల ప్రాణాలు కూడా సరుకైపోతాయి. బబులోను అని పేరు పెట్టాడు గానీ, ఆయన మాట్లాడుతున్నది రోమా గురించేనని విన్నవాళ్ళకు తెలుసు.

ఆ రోమా మనకేమీ అంత దూరం కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వి చూస్తే అడుగున ఒక కుండ. అందులో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ లాంటి చక్రవర్తుల నాణేలు. మన నెల్లూరు మట్టిలో! యోహాను చూసిన సముద్రపు వ్యాపారం తాలూకు డబ్బు మన చేలదాకా వచ్చింది. ఆ ట్రాజన్ కాలంలోనే, బితూనియ ప్రాంతానికి అధికారిగా ఉన్న ప్లినీ, క్రైస్తవులను ఏం చేయాలని చక్రవర్తికి ఉత్తరం రాశాడు. చక్రవర్తి ప్రతిమ ముందు సాంబ్రాణి వేయించి, ద్రాక్షారసం పోయించి, క్రీస్తును దూషించమంటున్నానని, అలా చేసినవాళ్ళను వదిలేస్తున్నానని, మేం క్రైస్తవులమేనని పట్టుబట్టినవాళ్ళకు మరణశిక్ష వేస్తున్నానని అందులో ఉంది. చిటికెడు సాంబ్రాణి. అంతే అడిగారు. "మృగమునకు నమస్కరించుట" అంటే ఆ రోజుల్లో విన్నవాళ్ళకు కళ్ళముందు కనపడింది ఆ చిటికెడు సాంబ్రాణే.

అందుకే ఈ గ్రంథంలో "జయించుట" అనే మాట వేరే రుచిలో ఉంటుంది. మొదట్లో ఏడు సంఘాలకు ఏడు ఉత్తరాలున్నాయి. ఏడింటిలోనూ "జయించువాడు" అని వస్తుంది. ఏడుసార్లు. స్ముర్న సంఘానికి, "మరణమువరకు నమ్మకముగా ఉండుము" అన్నాడు. చంపమనలేదు, గెలిచి రమ్మనలేదు. నమ్మకంగా ఉండమన్నాడు. 5వ అధ్యాయంలో యోహాను ఏడుస్తుంటే ఒక పెద్దాయన, ఏడవకు, యూదా గోత్రపు సింహం జయించింది అంటాడు. సింహం కోసం తలెత్తి చూస్తే అక్కడ నిలబడి ఉన్నది గొర్రెపిల్ల. అదీ కోతపడిన గుర్తులతో. విన్నది సింహం, చూసింది గొర్రెపిల్ల. ఈ ఒక్క దృశ్యం అర్థమైతే మిగతా మృగాల భయం సగం పోతుందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు 15వ అధ్యాయం. మృగానికి లోబడక జయించినవాళ్ళు ఎక్కడ నిలబడి ఉన్నారు? స్ఫటికపు సముద్రం దగ్గర. అదే సముద్రం, మృగం లేచిన సముద్రమే అనుకోండి, ఇప్పుడు గాజుపలకలా ఉంది. అల లేదు. వాళ్ళ చేతుల్లో కత్తులు లేవు, వీణెలున్నాయి. పాడుతున్నది మోషే కీర్తన. ఎర్రసముద్రం దాటినప్పుడు ఇశ్రాయేలీయులు పాడిన పాట. వాళ్ళు చేసిందల్లా నిలబడటం, పాడటం.

సరే, అవ్వ దగ్గరికి వద్దాం.

నవ్వులు ఆగాక ఆమె, "అయ్యోరా, పైన ఏముందో మళ్ళీ చదువు" అంది. ఏ పైన అవ్వా అన్నాను. "ఇందాక సముద్రం పేరు ఇంకోసారి చెప్పినావు. అది చదువు." నాకు గుర్తులేదు. పేజీ వెనక్కి తిప్పాను. 20వ అధ్యాయం, 13వ వచనం. "సముద్రము తనలో ఉన్న మృతులను అప్పగించెను."

ఆమె కొడుకు వేటకు పోయి రాలేదని నాకు తర్వాత చెప్పారు. పడవ దొరికింది. మనిషి దొరకలేదు. భూస్థాపన చేయడానికి శరీరం లేదు, సమాధి లేదు. ఏటా ఆ తేదీకి ఒడ్డున నిలబడి ఒక పాట పాడి ఇంటికి పోయేది.

ఆ వచనం రెండోసారి చదివించుకుంది. తర్వాత 21వ అధ్యాయం మొదటి వచనం చదివించుకుంది. అప్పుడు ఆ కుర్రాడి వైపు తిరిగి, "ఇచ్చినాకనే గదరా పోయింది. బాకీ తీర్చి పోయింది" అంది.

మందిరంలో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా గుర్తు, నా వివరణ, నా పంతులుతనం అక్కడే ఆగిపోయాయి.

ఆ తర్వాత నేను ఎన్నో వ్యాఖ్యానాలు చదివాను. సముద్రానికి ఐదారు అర్థాలు చెప్పినవీ ఉన్నాయి. కానీ 20వ అధ్యాయంలో సముద్రం మృతులను అప్పగించడాన్ని, 21వ అధ్యాయంలో సముద్రం లేకపోవడాన్ని పక్కపక్కన పెట్టి నాకు చూపించింది అక్షరం రాని ఆ అవ్వే. చూడగలగడానికి కారణం ఉంది. ఆమె చెవితో విన్నది. ఆమెకు 20 లేదు, 21 లేదు. అధ్యాయాల అంకెలు యోహాను వేసినవి కావు. ఇప్పుడు మన బైబిళ్ళలో ఉన్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో స్టీఫెన్ లాంగ్టన్ అనే ఇంగ్లండు మతగురువు చేసింది. కొత్త నిబంధనలో వచనాల అంకెలు ఇంకా ఆలస్యంగా, 1551లో వచ్చాయి. నాలాంటి చదువుకున్నవాడికి అధ్యాయం అంకె కనపడగానే గోడ కనపడినట్టే, వెనకది మర్చిపోతాం.

అసలు ఈ గ్రంథం రాసిందే చెవి కోసం. మొదటి అధ్యాయం మూడో వచనం చూడండి. "ఈ ప్రవచనవాక్యములు చదువువాడును" అని ఒక్కడినే అన్నాడు. విని గైకొనేవాళ్ళను మాత్రం "గైకొనువారును" అని బహువచనంలో అన్నాడు. ఒకడు చదవాలి, పదిమంది వినాలి. అచ్చం మన పాలెం మందిరంలోలాగా. ఒక రకంగా ఈ రేడియోలాగా కూడా.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఒకటే పని. మీ ఇంట్లో ఎవరికైనా ప్రకటన గ్రంథమంటే భయముంటే, గోడ మీద మృగాల పటం కట్టి వేలు పెట్టి చూపించే ప్రసంగాలు విని నిద్రపట్టనివాళ్ళుంటే, వాళ్ళ పక్కన కూర్చుని పైకి చదవండి. అంకెలు చదవొద్దు. "20వ అధ్యాయం" అనొద్దు. 19 నుంచి 22 వరకు ఆపకుండా ఒకటే ఉత్తరంలా చదవండి. అరగంట కూడా పట్టదు. ఈ గ్రంథంలో మృగానికి 666 అనే సంఖ్య ఉంది. బార్‌కోడ్ వచ్చినప్పుడు అదే 666 అన్నారు. ఆధార్ వచ్చినప్పుడు అన్నారు. కోవిడ్ టీకా వచ్చినప్పుడూ అన్నారు. ఆ టెన్షన్‌తో ఆధార్‌కి వేలిముద్ర వేయని పెద్దవాళ్ళు నాకు తెలుసు, రేషన్‌కి ఇబ్బంది పడ్డారు పాపం. 666 అనేది నీరో చక్రవర్తి పేరును హీబ్రూ అక్షరాల్లో రాసి కూడితే వచ్చే లెక్క అని చాలామంది పండితులంటారు. కొన్ని పాత ప్రతుల్లో 616 అని కూడా ఉంది. నీరో పేరును ఇంకో రకంగా రాస్తే అదీ సరిపోతుంది. మన రేషన్ కార్డుకీ దానికీ సంబంధం లేదు.

ఇంకొక్క నిమిషం ఉందంటున్నారు. ఆ కుర్రాడి ప్రశ్నకు నేను జవాబివ్వలేదు కదా, కూడెట్టా అని. నాకు అది దొరకడానికి చాలా ఏళ్ళు పట్టింది. 22వ అధ్యాయంలో సముద్రం లేదు గానీ నది ఉంది, జీవజలముల నది. మన దగ్గర పాత సంఘాలవాళ్ళకు నది అంటే గుండ్లకమ్మే గుర్తొస్తుంది. కరువు రోజుల్లో, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నది అది. యోహాను చూసిన నదికి మూలం మాత్రం పాత నిబంధనలో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 47వ అధ్యాయంలో ఉంది. అక్కడ దేవాలయం గడప కింద నుంచి నీళ్ళు పుట్టి పారుతూ పోయి మృత సముద్రాన్ని బాగుచేస్తాయి. ఆ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళు నిలబడి వలలు పరుస్తారు. బురద పర్రలు మాత్రం బాగుకావు, ఉప్పు కోసం వదిలేశారు. చినగంజాం, కనుపర్తి ఉప్పు కొఠార్లవాళ్ళకు కూడా అక్కడ పని ఉందన్నమాట.

ఇది చెబుదామని పోయినేడాది ఆ పాలెం వెళ్ళాను. అవ్వ లేదు, చాలాకాలమైంది. మందిరానికి సిమెంటు కప్పు వేశారు. ఆ కుర్రాడు నాకంటే ముసలివాడిలా ఉన్నాడు. వేట నిషేధం రోజులు కాబట్టి ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. యెహెజ్కేలు సంగతి మొత్తం చెప్పాను. చెయ్యి ఆపకుండా విన్నాడు.

"ఏం చేపలంట అయ్యోరా?" అన్నాడు.

మహాసముద్రంలో చేపల్లాంటివేనట, లెక్కలేనన్ని అని రాసుందన్నాను.

"అట్టయితే పర్లేదు" అని ఇంకో ముడి వేశాడు.