ఊడ్పుల రోజుల్లో షిఫ్టుకు ఎంతమందిని పిలవాలి?

(డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు మానవ వనరుల నిర్వహణపై ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి.

ఈ సబ్జెక్టు మీద కాలేజీల్లో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. "హెచ్.ఆర్. పేపరేగా, రాత్రి చదివి పొద్దున రాసేయొచ్చు" అని. అకౌంట్స్‌లో బ్యాలెన్స్ షీటు కుదరకపోతే తప్పు కళ్లకు కనబడుతుంది. ఇక్కడ కనబడదు. ప్రేరణ, నాయకత్వం, శిక్షణ, పనితీరు... మాటలన్నీ తెలిసినవే కాబట్టి విషయమూ తెలిసిందే అనిపిస్తుంది. నాలుగు నిర్వచనాలు, ఎనిమిది ప్రయోజనాలు బట్టీ పడితే మార్కులూ పడతాయి. అలా మార్కులు తెచ్చుకున్నవాళ్లను ఒక షెడ్డు ముందు నిలబెట్టి, "రేపటి షిఫ్టుకు ఎంతమందికి కబురు పెట్టాలి?" అని అడిగితే నోరు పెగలదు.

అందుకని ఈ గంటలో పుస్తకంలోని అధ్యాయాలన్నిటినీ ఒకే పని మీద పెట్టి చూద్దాం. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పీలింగ్ సెక్షన్, అంటే పొట్టు ఒలిచే విభాగం, తీసుకుందాం. భీమవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెల్లారకుండానే కంపెనీ బస్సులెక్కే ఆడవాళ్లను మీరు చూస్తూనే ఉన్నారు. నేను చెప్పబోయే కిలోలు, మనుషుల లెక్కలు ఉదాహరణకు వేసుకున్నవి. మీరు వెళ్లి చూసినచోట ఎంత ఉంటే అంత వేసుకోండి, పద్ధతి మారదు.

ముందు ఉద్యోగ విశ్లేషణ. దీని నుంచి రెండు కాగితాలు పుడతాయి. పని ఏమిటో చెప్పేది ఉద్యోగ వివరణ. ఆ పని చేసే మనిషికి ఏమి ఉండాలో చెప్పేది ఉద్యోగ అర్హతల పత్రం. పరీక్షల్లో ఎక్కువమంది కలిపేసేది ఈ రెండింటినే. "తల తీసి, పొట్టు ఒలిచి, వెన్ను మీది నల్ల పేగు లాగి, ముక్కను ఐసు నీళ్లలో వేయాలి" అన్నది వివరణ. "గంటల తరబడి తడి నేల మీద నిలబడగలగాలి, చేతులకు చర్మవ్యాధి ఉండకూడదు, వేళ్లు చురుగ్గా ఆడాలి" అన్నది అర్హత. ఇంటర్నెట్టులో దొరికిన నమూనా దించేసి, రొయ్య ఒలిచే ఆవిడకు కూడా "చక్కటి భావవ్యక్తీకరణ నైపుణ్యం" కావాలని రాసుకొచ్చేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఆ ఒక్క వాక్యం చాలు, మీరు షెడ్డు గుమ్మం కూడా తొక్కలేదని తెలిసిపోవడానికి.

వివరణలో ప్రతి వాక్యమూ చేసే పనిని చెప్పాలి, కొలవడానికి వీలుగా ఉండాలి. "శుభ్రత పాటించాలి" అని రాస్తే ఎవరూ తనిఖీ చేయలేరు. "షెడ్డులోకి వచ్చిన ప్రతిసారీ క్లోరిన్ నీళ్లలో చేతులు కడుక్కోవాలి" అని రాస్తే సూపర్‌వైజరు చూసి టిక్కు పెట్టగలడు.

పనిని గమనించడానికి మూడు వేళల్లో వెళ్లండి: షిఫ్టు మొదట్లో, భోజనానికి ముందు, ఆఖరి గంటలో. మొదటి గంట వేగం చూసి రోజంతా అలాగే సాగుతుందనుకుంటే లెక్క తప్పుతుంది. అలసటకు వేళ్లు నెమ్మదిస్తాయి, ముక్కలు విరగడం పెరుగుతుంది. ఇంకొకటి. మీరు నోట్‌బుక్కు పట్టుకుని నిలబడగానే చేతులు వేగం అందుకుంటాయి. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 దాకా జరిగిన ప్రయోగాలను మీ పుస్తకం మొదటి అధ్యాయంలో పెట్టి వదిలేస్తుంది. నిజానికి అవి అక్కరకొచ్చేది ఇక్కడ. తమను ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనిషి పనితీరు మారిపోవచ్చన్నది ఆ ప్రయోగాల మీద నడిచిన చర్చల్లో ముఖ్యమైనది. కాబట్టి మొదటి రోజు రాసుకున్న అంకెలు పక్కన పెట్టండి. రెండో రోజు, మూడో రోజు మీ ఉనికికి వాళ్లు అలవాటు పడ్డాక రాసినవి వాడుకోండి.

ఇక మానవ వనరుల ప్రణాళిక. కాస్త నెమ్మదిగా నడుద్దాం, పుస్తకాలు లెక్క చూపించకుండా దాటేసే చోటు ఇదే.

షిఫ్టుకు 8,000 కిలోలు ఒలవాలి. ఒక్కొక్కరు 40 కిలోలు ఒలుస్తారు. అంటే బల్లల దగ్గర 200 మంది ఉండాలి. రోజూ సగటున 15 శాతం మంది రారు. మరి జాబితాలో ఎంతమంది ఉండాలి? క్లాసులో అడిగితే ముప్పావు వంతు మంది 230 అంటారు, 200కు 15 శాతం కలిపి. తప్పు. 230 మందిలో 15 శాతం రాకపోతే వచ్చేది 195 మంది. 200 కిలోల సరుకు ఐసులో మిగిలిపోతుంది. కలపకూడదు, భాగించాలి. 200ని 0.85తో భాగిస్తే 235.3, అంటే 236 మంది కావాలి.

ఇంతటితో అయిపోలేదు. ఆ 15 శాతం ఏడాది సగటు. మన డెల్టాలో ఏడాది ఒక్క తీరుగా నడవదు కదా. సార్వా (తొలి పంట వరి) ఊడ్పులు జూలై, ఆగస్టుల్లో, దాళ్వా (రెండో పంట) ఊడ్పులు జనవరిలో వస్తాయి. ఊడ్పులకు ముఠా కట్టి వెళ్లేదీ, షెడ్డులో రొయ్య ఒలిచేదీ చాలాచోట్ల ఆ ఆడవాళ్లే. ఆ వారాల్లో 30 శాతం మంది రాలేదనుకోండి. 236 మందిలో వచ్చేది 165. 6,600 కిలోలు ఒలుస్తారు, 1,400 కిలోలు మిగులుతాయి. అప్పుడు జాబితాలో 286 మంది ఉండాలి, లేదా ఆ వారాలకు సరుకు కొనుగోలు తగ్గించుకోవాలి, లేదా దూరపు ఊళ్లకు బస్సు వేయాలి. మూడింటిలో ఏది చవకో లెక్క తీయడమే హెచ్.ఆర్. వాళ్ల పని. సంక్రాంతి మూడు రోజుల గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ మూడు రోజులూ హాజరు పట్టీ తెరవడమే దండగ.

కావలసిన మనుషుల సంఖ్య మన చేతుల్లో లేని చోటి నుంచి కూడా మారుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. ఆర్డరు తగ్గితే ఒలవాల్సిన కిలోలు తగ్గుతాయి, కిలోలు తగ్గితే బల్ల దగ్గర మనుషులు తగ్గుతారు. శ్రమకు గిరాకీ సరుకు గిరాకీ నుంచే పుడుతుందని అర్థశాస్త్రం క్లాసులో చెప్పింది దీన్నే.

మానేసేవాళ్ల రేటు లెక్క కూడా ఒకటి చూసుకోండి. మూడు నెలల మొదట్లో 240 మంది, చివర్లో 220 మంది, మధ్యలో మానేసినవాళ్లు 46 మంది. సగటు 230తో భాగిస్తే 20 శాతం. దాన్ని నాలుగుతో హెచ్చవేసి "ఏడాదికి 80 శాతం మానేస్తున్నారు" అని రిపోర్టు రాసేయకండి. ఊడ్పులకు వెళ్లి నెల తర్వాత తిరిగి వచ్చిన మనిషి మానేసినట్టా, సెలవు పెట్టినట్టా? ఎన్ని రోజులు రాకపోతే మానేసినట్టు లెక్క వేస్తారో ముందే రాసుకోవాలి. లేకపోతే రిజిస్టరు రాసే గుమాస్తా మారినప్పుడల్లా రేటు మారిపోతుంది.

ఎంపిక దగ్గరికి వద్దాం. మన గోదావరి జిల్లాల్లో ఇంటర్వ్యూ ఎలా మొదలవుతుందో మీకు తెలుసు. "మీదే ఊరండి? ఎవరి తాలూకు?" మర్యాదకు అడిగే మాటే. జవాబు వినగానే అడిగినవాడి మనసులో సగం నిర్ణయం అయిపోతుంది, మిగిలిన పది నిమిషాలూ ఆ నిర్ణయానికి సాక్ష్యాలు వెతుక్కోవడమే. తనలాంటివాళ్ల వైపు మొగ్గడం అని పుస్తకం చెప్పే దోషం ఇదే. దీనికి విరుగుడు అందరికీ అవే ప్రశ్నలు, అదే వరుసలో వేయడం. ప్రతి ప్రశ్నకూ ఎలాంటి జవాబుకు ఒకటి, ఎలాంటి దానికి మూడు, ఎలాంటి దానికి ఐదు మార్కులో ముందే రాసుకోవాలి. ఇద్దరు ముగ్గురు ఇంటర్వ్యూ చేస్తుంటే ఎవరి మార్కులు వాళ్లు వేశాకే నోరు విప్పాలి. పెద్దాయన ముందు మాట్లాడితే మిగతావాళ్ల పెన్ను ఆయన అంకె దగ్గరికే పోతుంది. పెళ్లయిందా, పిల్లల్ని ఎప్పుడు కంటావు అన్న ప్రశ్నలు పనికి సంబంధం లేనివి, అడగొద్దు.

పీలింగ్ పనికైతే అసలు ఇంటర్వ్యూ కంటే పని నమూనా పరీక్ష మేలు. రెండు కిలోల రొయ్య ఇవ్వండి, గడియారం పెట్టండి, ఎంతసేపు పట్టిందో, ఎన్ని ముక్కలు విరిగాయో లెక్కపెట్టండి. అందరికీ ఒకే కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) సరుకు ఇవ్వడం మరచిపోవద్దు. ముప్పై కౌంటు రొయ్య ఒలిచిన మనిషికీ, వంద కౌంటు ఒలిచిన మనిషికీ పోటీ పెట్టడం అన్యాయం.

పనితీరు మదింపులోనూ ఇదే మెలిక ఉంది. ఒకావిడ రోజుకు 48 కిలోలు ఒలుస్తుంది, 6 శాతం ముక్కలు విరుగుతాయి. ఇంకొకావిడ 42 కిలోలే, కానీ విరిగేది 1 శాతం. కిలో లెక్కన కూలి ఇచ్చే చోట మొదటావిడే గొప్ప. విరిగిన ముక్క కిలోకు 250 రూపాయలు తక్కువ పలుకుతుందనుకుంటే, మొదటావిడ దగ్గర రోజుకు 720 రూపాయలు పోతున్నాయి, రెండో ఆవిడ దగ్గర 105. కొలిచిందే పెరుగుతుంది మరి. కిలోలు మాత్రమే కొలిచి, "వీళ్లకు నాణ్యత పట్టదు" అని వాపోవడం కొలత పెట్టినవాళ్ల తప్పు. అలాగని వెంటనే మొదటావిడకు మార్కులు కొయ్యకండి. ఆ వారం ఆవిడ బల్లకు వచ్చింది మెత్త పొట్టు సరుకేమో చూడాలి. చెరువులో వచ్చిన లోపానికి చేతులు బాధ్యత వహించవు.

మిగిలిన దోషాల్లో ఎక్కువ నష్టం చేసేది ఇటీవలి ప్రభావం. మార్చిలో మదింపు అంటే సూపర్‌వైజరుకు ఫిబ్రవరి తర్వాతవే గుర్తుంటాయి. నెలకు ఒక్కొక్కరి మీద రెండేసి లైన్లు, తేదీతో సహా, రాయిస్తే చాలు. అందరికీ మూడు వేసేయడం, ఒక మంచి గుణం చూసి అన్నిటికీ ఐదు వేయడం, వీటిని పుస్తకం బాగానే చెబుతుంది, చదువుకోండి.

జీతం చీటీ లెక్క మాత్రం ఒకసారి చేత్తో వేయాల్సిందే. మూలవేతనం, కరువు భత్యం కలిపి 14,000 రూపాయలు అనుకుందాం. పీఎఫ్‌కు (భవిష్య నిధికి) ఉద్యోగి వాటా 12 శాతం, 1,680. ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) 0.75 శాతం, 105. చేతికి వచ్చేది 12,215. యజమాని వైపు పీఎఫ్ మళ్లీ 1,680. ఇందులో 8.33 శాతం, అంటే 1,166 పెన్షన్ ఖాతాకు, మిగిలిన 514 పీఎఫ్‌కు పోతాయి. ఈఎస్‌ఐ 3.25 శాతం, 455. బీమాకు, పరిపాలన ఖర్చులకు చెరో అర శాతం, మొత్తం 140. అన్నీ కలిపి యజమానికి పడే ఖర్చు 16,275. ఒకే మనిషి, మూడు అంకెలు: 16,275, 14,000, 12,215. ఉద్యోగంలో చేరేటప్పుడు వీటిలో ఏది చెప్పారో తెలియక మొదటి నెల జీతం రోజున గొడవలవుతాయి.

గ్రాట్యుటీ అంటే పని వదిలేటప్పుడు సర్వీసుకు ఇచ్చే మొత్తం, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున. ఇందులో 30తో భాగించడం పాత తప్పు. నెలకు 26 పనిరోజులుగా లెక్క. 14,000ను 15తో హెచ్చవేసి 26తో భాగిస్తే 8,077. ఆరేళ్ల ఎనిమిది నెలల సర్వీసును ఏడేళ్లుగా తీసుకుంటారు కాబట్టి 56,538 రూపాయలు. 30తో భాగిస్తే 49,000 వస్తుంది. ఏడున్నర వేలు ఆ మనిషికి ఎగిరిపోతాయి.

చట్టాల అధ్యాయం చదివేముందు పుస్తకం అచ్చయిన ఏడాది చూడండి. 29 పాత చట్టాలను కలిపిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే ఫ్యాక్టరీ అన్న 1948 నాటి లెక్క ఇప్పుడు ఇరవై అయింది. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాదికే గ్రాట్యుటీ హక్కు వస్తుంది. స్టాండింగ్ ఆర్డర్ల (పని షరతులను రాతపూర్వకంగా ఖాయం చేసే నియమాల) పరిమితి మాత్రం 100 మంది నుంచి 300కు పెరిగింది. పీలింగ్ షెడ్డులో 236 మంది అని ఇందాక లెక్క వేశాం కదా. మొత్తం సంస్థలో 300 మంది లేకపోతే ఆ రక్షణ వాళ్లకు వర్తించదు. ఇది బాగుందని నేను అనలేను.

కార్మిక సంబంధాల అధ్యాయంలో వి.వి.గిరి గారి పేరు తగులుతుంది. 1952 నుంచి 1954 వరకు కేంద్ర కార్మిక మంత్రి. తగవును ట్రిబ్యునల్‌కు తోసేయడం కంటే ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకోవడమే మేలని ఆయన వాదన. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం మార్చిందని పదవి వదులుకున్నారు. రాష్ట్రపతిగా కంటే ఈ సబ్జెక్టులో ఆయన పని ఎక్కువ.

మీ ప్రాజెక్టుకు ముగ్గురేసి చొప్పున ఒక్కో పని ఎంచుకోండి. రొయ్యలే కానక్కర్లేదు. మండపేట వైపు రైస్ మిల్లు, అమలాపురం వైపు కొబ్బరి పీచు యూనిట్టు, మీ ఊరి ఆసుపత్రిలో నర్సులు, ఏదైనా సరే. అనుమతి లేకుండా లోపలికి వెళ్లొద్దు, పనివాళ్ల పేర్లు రాయొద్దు, ఫొటోలు తీయొద్దు.

నర్సాపురం వైపు నుంచి వచ్చేవాళ్లు లేసు అల్లకం తీసుకుంటే మాత్రం ముందే చెబుతున్నాను, పుస్తకం మీకు సాయం చేయదు. అక్కడ షెడ్డు లేదు, హాజరు పట్టీ లేదు, షిఫ్టు లేదు. దారం ఇంటికొస్తుంది, అల్లినది ఇంటి నుంచే వెళ్తుంది, మధ్యలో ఏజెంటు ఉంటాడు. ఎగుమతిదారు ఆ అల్లిన మనిషి మొహం చూసి ఉండడు. ఉద్యోగ వివరణ ఎవరు రాయాలి? పీఎఫ్ ఎవరు కట్టాలి? చూపు మందగించి పని మానేస్తే అది ఎవరి రిజిస్టరులో నమోదవుతుంది? ఈ మూడు ప్రశ్నలకు మీరు కనుక్కున్న జవాబులు మూడు పేజీలు మించకుండా రాసుకురండి.